గేజు ముల్లు దిగుతోంది, పాస్ అని రాయమంటున్నారు

ఈ వారం ఉత్తరం విశాఖపట్నం నుంచి వచ్చింది. రాసినావిడ వయసు 24. సివిల్ డిప్లొమా చేసి, చోడవరం దగ్గర పల్లె నుంచి వచ్చి, మద్దిలపాలెంలో లేడీస్ హాస్టల్లో ఉంటున్నారు. మధురవాడ అవతల కడుతున్న ఒక ఐదంతస్తుల అపార్టుమెంటులో క్వాలిటీ ఇంజనీరుగా చేరి పద్నాలుగు నెలలైంది. ఇదే మొదటి ఉద్యోగం.

నాలుగో అంతస్తులో ఐదు ఫ్లాట్లున్నాయి. టాయిలెట్లలో, వంటగదుల్లో సీపీవీసీ పైపులు (వేడి నీళ్లకీ పనికొచ్చే గట్టి ప్లాస్టిక్ పైపులు) వేశారు. టైల్స్ వేసే ముందు లైన్లలో నీళ్లు నింపి, చేతి పంపుతో 10 కేజీల ప్రెషర్ (చదరపు సెంటీమీటరుకి) ఎక్కించాలి, రెండు గంటలు గేజు ముల్లు నిలబడాలి. వాళ్ల స్పెసిఫికేషన్‌లో అలా ఉంది. 401, 402, 404 నిలబడ్డాయి. 405లో షవర్ దగ్గర ఎల్బోకి (పైపు మలుపు తిరిగే చోట వేసే ముక్కకి) చెమట పట్టినట్టు నీరు కనపడింది. 403లో ఎక్కడా ఒక్క చుక్క కనపడలేదు గానీ గంటలో ముల్లు 10 నుంచి 7.5కి దిగింది. మళ్లీ ఎక్కిస్తే మళ్లీ దిగింది.

ప్రాజెక్టు మేనేజరు ఆవిడతో అన్న మాటలివి: "ప్లాస్టిక్ పైపమ్మా, ప్రెషర్‌కి సాగుతుంది, ఆ మాత్రం ముల్లు పడుతుంది. అయినా ట్యాంకు నుంచి ఇక్కడికొచ్చే ప్రెషర్ ఒక కేజీ కూడా ఉండదు. పాస్ అని రాసెయ్, సోమవారం టైల్స్ వాళ్లు దిగుతున్నారు." ప్లంబింగ్ మేస్త్రిది పార్వతీపురం వైపు, యాభై దాటిన మనిషి. పని నేర్పింది ఆయనే అని ఎంతో గౌరవంగా రాశారు. ఆయనేమో ముందు గేజు పాడైందన్నారు. తరవాత "ఏటి పాపా, ఒక్క పాయింటు కోసం బిల్లాపేస్తే మా కూలోళ్లకి నానేటిచ్చీది?" అని అడిగారు. ట్యాంకరు నీళ్లు చాలడం లేదు కాబట్టి ఈసారి కంప్రెసర్‌తో గాలి పెట్టి చూసేద్దాం అని కూడా అన్నారట.

ఉత్తరం చివర్లో, కాస్త వేరే చేతిరాతలా కనిపించే నాలుగు లైన్లలో అసలు బరువుంది. మూడు నెలల కింద రెండో అంతస్తు టెస్టు జరిగిన రోజు ఆవిడ జ్వరంతో ఆలస్యంగా వెళ్లారు. "అన్నీ నిలబడ్డాయి పాపా" అని మేస్త్రి చెబితే నమ్మి ఐదు ఫ్లాట్లకీ సంతకం పెట్టేశారు. ఇప్పుడక్కడ టైల్స్ కూడా పడిపోయాయి. "403 చూసినప్పటి నుంచి నాకు రెండో అంతస్తే గుర్తొస్తోంది. నిద్ర పట్టడం లేదు. ఇప్పుడు నాలుగో అంతస్తుకి సంతకం పెట్టనంటే, అప్పుడెలా పెట్టావు అంటారు. అమ్మకి చెబితే గొడవలొద్దు, ఉద్యోగం నిలబెట్టుకో అంటోంది. నేనేం చేయాలి?" అని అడిగారు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా. ముప్ఫై ఏళ్లు సైటుల మీద తిరిగిన మనిషిగా ముందు ఒక మాట చెబుతాను. ఐదు ఫ్లాట్లలో రెండు ఫెయిలవడం వింత కాదు, మీ తప్పూ కాదు. గోడలో దాగిపోయే పైపుకి టెస్టు పెట్టేదే టైల్స్ పడకముందు లోపం బయటపడాలని. అది బయటపడింది. మీ టెన్షన్ అంతా ఆ తరవాత జరిగే మాటల వల్ల. అక్కడ మూడు విషయాలు కలిసిపోయి ఉన్నాయి: పైపు సంగతి, మేనేజరు గారి సంగతి, రెండో అంతస్తు సంగతి. పైపుతో మొదలుపెడతాను. అది తేలితే మిగతా రెండింటిలో మీకు మాట్లాడే బలం వస్తుంది.

మేనేజరు గారు, మేస్త్రి ఇద్దరూ చెప్పిన దాంట్లో కొంత నిజముంది. అందుకే మీకు జవాబు తట్టలేదు. ప్లాస్టిక్ సాగే మాట నిజమే. నేలలో వేసే హెచ్‌డీపీఈ పైపైతే ప్రెషర్ ఎక్కిన కొద్దీ ఉబ్బుతుంది, ముల్లు దానంతటదే దిగుతుంది. అందుకే ఆ పైపులకి మొదట కొన్ని గంటలు నీళ్లు ఎక్కిస్తూ ఉండి, అది సర్దుకున్నాకే అసలు టెస్టు లెక్క మొదలుపెడతారు. సీపీవీసీ దానికంటే చాలా గట్టి పదార్థం. మొదటి పది పదిహేను నిమిషాల్లో కొద్దిగా సర్దుకుంటుంది, అంతే. గంటలో నాలుగో వంతు ప్రెషర్ పోవడానికి, అదీ రెండోసారి కూడా పోవడానికి, సాగడం కారణం కాదు. పక్కనే 401, 402, 404లో ఉన్నదీ అదే పైపు కదా, అవెందుకు సాగలేదు? ఈ ఒక్క ప్రశ్న మేనేజరు గారిని మర్యాదగా అడగొచ్చు.

నీళ్లెక్కడా కనపడలేదు కాబట్టి లీకు లేదేమో అన్న అనుమానం కూడా మీకుంది. దీనికి ఒక లెక్క చెబుతాను. ఒక ఫ్లాటులో ఇరవై మీటర్ల అంగుళం పైపు ఉందనుకుందాం. అందులో పట్టేది ఏడెనిమిది లీటర్లు. నీరు నొక్కితే దాదాపు నొక్కుకుపోదు, పైపు కూడా కొంచెమే ఉబ్బుతుంది. అందుకని అంత లైన్లో 10 నుంచి 7.5కి ముల్లు పడాలంటే రెండు చెంచాల నీళ్లు బయటికి పోతే చాలు. గంటలో రెండు చెంచాలు! 403లో పైపు కోసం గోడలో కోసిన గాడిని సగం వరకు సిమెంటుతో పూడ్చేశారని మీరే రాశారు. ఆ సిమెంటు, లోపలి ఇటుక ఆ రెండు చెంచాలనీ తాగేస్తాయి, మీ కంటికి తడి ఎలా కనపడుతుంది?

ఇంకో వైపు కూడా చూడాలి. ఆ రెండు చెంచాలు పంపులోంచి వెనక్కి కూడా పోయి ఉండొచ్చు. చేతి పంపు వాల్వులో ఇసుక రేణువు ఇరుక్కున్నా, వాషరు అరిగినా జరిగేది అదే. అందుకే పైపు మీద నింద వేసే ముందు పంపునీ గేజునీ పరీక్షించాలి. పంపుకీ లైనుకీ మధ్య ఒక బాల్ వాల్వు పెట్టించండి, గేజు లైను వైపు ఉండాలి. ప్రెషర్ ఎక్కాక వాల్వు మూసేస్తే పంపు సంగతి పక్కకి పోతుంది. మేస్త్రి గారు గేజు పాడైందన్నారు కదా, ఆయన మాట కొట్టిపారేయకండి. 404లో నిలబడిన గేజునే తెచ్చి 403లో పెట్టండి, పక్కన ఇంకో కొత్త గేజు కూడా పెట్టండి. ఒకప్పుడు నేనూ గేజునే అనుమానించి ఒకే లైనుకి మూడు గేజులు మార్చాను. మూడూ ఒకే అంకె చూపించాక గోడ తెరిస్తే, ఇత్తడి మర ఉన్న ఎల్బోని రెంచితో అతిగా బిగించడం వల్ల వెంట్రుకంత చీలిక కనపడింది. గేజు మార్చినందుకు మాత్రం నేను బాధపడలేదు. ఆ తరవాత ఎవరూ వాదించలేదు.

గాలి ఇంకో చిక్కు. లైన్లో గాలి చిక్కుకుంటే అది మెల్లగా నలిగి, నీళ్లలో కలిసి, ముల్లుని కొంత దింపుతుంది. అదే గాలి నిజమైన లీకుని దాచేస్తుంది కూడా, ఎందుకంటే నలిగిన గాలి స్ప్రింగులా నీటిని తోస్తూనే ఉంటుంది, ముల్లు మెల్లగా పడుతుంది. కాబట్టి కింది నుంచి నిదానంగా నీళ్లు నింపండి. అన్నిటికంటే ఎత్తులో ఉన్న షవర్ పాయింటు డమ్మీని (కొళాయి వచ్చేదాకా పెట్టే బిరడాని) వదులు చేసి ఉంచండి, బుడబుడమనకుండా నీరు ధారగా వచ్చాకే బిగించండి. పొద్దున్నే ఎండ ఎక్కకముందు మొదలుపెట్టండి. పడమటి గోడ మీద ఎండ కాసేటప్పుడు నింపి సాయంత్రం దాకా ఉంచితే నీళ్లు చల్లబడి ముల్లు కొంత దిగుతుంది. అప్పుడు మళ్లీ వాదన మొదలవుతుంది.

ఇక 403ని ఎలా పట్టుకోవాలంటే, 10కి ఎక్కించి పదిహేను నిమిషాలు చూడండి. ఎంత పడిందో రాసుకుని మళ్లీ 10కి తెండి. ఇలా నాలుగైదుసార్లు చేయండి. పడే ప్రెషర్ ప్రతిసారీ తగ్గుతూ వచ్చి చివరికి ఆగిపోతే అది గాలి, సర్దుబాటు. ప్రతిసారీ దాదాపు అంతే పడుతుంటే అది లీకు, సందేహం అక్కర్లేదు. లీకని తేలితే మిక్సర్ (వేడి, చల్లని నీళ్లు కలిసే కొళాయి) దగ్గర వేడి లైనునీ చల్లని లైనునీ కలిపిన లూపు తీసి, రెండిటికీ డమ్మీలు పెట్టి విడివిడిగా చూడండి. ఏ సగం పడుతోందో తెలుస్తుంది. ఆ సగాన్ని మళ్లీ సగం చేయండి. వంటగది ఒకటి, టాయిలెట్ ఒకటి. రెండు మూడు విడతల్లో మీరు కొన్ని మీటర్ల గోడ దగ్గరికి వచ్చేస్తారు. అప్పుడు ఆ గాడిలో సిమెంటు తీసి, జాయింట్లు పొడిగుడ్డతో తుడిచి, ప్రతి జాయింటుకీ న్యూస్ పేపరు ముక్క చుట్టి ఉంచండి. రెండు చెంచాల లీకైనా పేపరు మీద కనపడుతుంది.

కంప్రెసర్ మాత్రం ఒద్దే ఒద్దు. ఇక్కడ మీకు ఆప్షన్లేవీ ఇవ్వను. నీళ్లున్న పైపు పగిలితే చిమ్మి ఆగిపోతుంది. గాలి నొక్కి ఉన్న సీపీవీసీ పగిలితే ముక్కలు కత్తుల్లా ఎగురుతాయి, పక్కనున్న మనిషి కంటికో మెడకో తగులుతాయి. పైపు తయారీదార్లే గాలితో టెస్టు చేయొద్దని రాస్తారు. ఒక ఫ్లాటుకి కావలసింది ఏడెనిమిది లీటర్లు, నీళ్ల కరువున్నా బకెట్టుతో పైకి మోసుకెళ్లొచ్చు. ఈ మాట మేస్త్రి గారి కూలోళ్లకి విడిగా కూడా చెప్పండి, పంపు దగ్గర కూర్చునేది వాళ్లే.

405లో కనపడిన ఎల్బో విషయం తేలిక అనిపిస్తుంది గానీ నాకు అదే ఎక్కువ ముఖ్యం. అక్కడ చాలామంది చేసేది ఒకటుంది. చెమట పట్టిన జాయింటు మీద పైనుంచి సొల్యూషన్ (పైపులు అతికించే జిగురు) పూస్తారు, లేదా ఎంసీల్ ముద్ద పెట్టేస్తారు. ఆ రోజుకి ముల్లు నిలబడుతుంది. సొల్యూషన్ పని చేసేది రెండు ప్లాస్టిక్ ముఖాల్ని కరిగించి ఒకటి చేయడం ద్వారా, బయట పూస్తే లోపలి ఖాళీ అలాగే ఉంటుంది. ఎల్బో కోసి తీసేయాలి. లైన్లో నీళ్లు పూర్తిగా దించి, పైపు కొన పొడిగా తుడిచి, కొత్త ఎల్బో వేయాలి. తడి కొనకి అతికిస్తే మూడు రోజులకి మళ్లీ ఇదే ఉత్తరం రాస్తారు. తరవాత ఆ సొల్యూషన్ డబ్బా మీదున్న పట్టిక ప్రకారం ఆరనివ్వాలి. సముద్రం దగ్గర గాలిలో తేమ ఎక్కువ కాబట్టి పట్టికలో చెప్పిన దానికి ఇంకో సగం కలుపుకోమంటారు. నన్నడిగితే ఒక రోజంతా వదిలేయండి.

కోసి తీసిన ఆ పాత ఎల్బోని పారేయనివ్వకండి. హాక్సాతో దాన్ని నిలువునా రెండుగా కోసి మేస్త్రి గారూ మీరూ కలిసి చూడండి. పైపు చివరిదాకా దిగిందా? కొన వంకరగా కోశారా? అంచు గీకకుండా పెట్టారా? సొల్యూషన్ ఒక పక్కే అంటిందా? ఇదంతా ఎవరినో పట్టుకోవడానికి కాదు. కారణం బట్టి మీ తరవాతి పని మారిపోతుంది. పైపు సగమే దిగి ఉంటే అది ఒక చేతి పొరపాటు, ఆ జాయింటుతో పోతుంది. సొల్యూషన్ జిగురుగా తాడులా సాగుతూ ఉండి, మూత తీసిన డబ్బా పిట్టగోడ మీద ఎండలో పెట్టి వాడి ఉంటే, లేదా చల్లని నీళ్ల యూపీవీసీ పైపుల సొల్యూషన్‌నే సీపీవీసీకి వాడి ఉంటే, ఆ రోజు ఆ డబ్బాతో అతికించిన ప్రతి జాయింటూ అనుమానమే. 403 అదే రోజు వేశారా? రెండో అంతస్తు వేసింది ఏ నెలలో, ఏ డబ్బాతో? మీ సైటు డైరీలో సామాను రాక ఉంటుంది, వెతకండి.

మేనేజరు గారి రెండో వాదన, ట్యాంకు ప్రెషర్ ఒక కేజీ కూడా ఉండదన్నది, లెక్క ప్రకారం సరైనదే. పది మీటర్ల నీటి ఎత్తుకి సుమారు ఒక కేజీ. నాలుగో అంతస్తుకి పై ట్యాంకు నుంచి ఎనిమిది తొమ్మిది మీటర్లు ఉంటుంది. కానీ ఆ టెస్టు ఈ రోజు నీటికి మాత్రమే పెట్టింది కాదు. రేపు ఎవరో షవర్లో ధార చాలడం లేదని ప్రెషర్ పంపు పెట్టుకుంటారు. కొళాయి టక్కున కట్టేసిన ప్రతిసారీ లైన్లో దెబ్బ తగులుతుంది. గీజరు లైనులో వేడి నీళ్లు తిరుగుతాయి, వేడికి ఈ పైపు బలం బాగా తగ్గుతుంది. ఎస్‌డీఆర్ 11 రకం (పైపు గోడ మందాన్ని చెప్పే అంకె) సీపీవీసీ 23 డిగ్రీల దగ్గర 28 కేజీల దాకా ఓర్చుకుంటుంది, 82 డిగ్రీల దగ్గర ఏడు కేజీలే. పైగా 10 కేజీల దగ్గర కారే సందు ఒక కేజీ దగ్గర మూసుకుపోదు, మెల్లగా కారుతుంది. సెకనుకి ఒక చుక్క అనుకున్నా రోజుకి నాలుగు లీటర్ల పైన. టాయిలెట్ కింద దించి వేసే సంకెన్ స్లాబులో అది నిండి, కింది ఇంటివాళ్ల సీలింగులో మచ్చగా తేలేసరికి ఏడాది గడిచిపోతుంది. అప్పుడు పైనున్న వాళ్ల టాయిలెట్ మొత్తం పగలగొట్టాలి.

ఇప్పుడు మనుషుల విషయానికొద్దాం. మేనేజరు గారు చెడ్డవారని మీరు ఎక్కడా రాయలేదు. సోమవారం టైల్స్ వాళ్లు దిగి ఖాళీగా కూర్చుంటే ఆయన జవాబు చెప్పాలి. కాబట్టి "సంతకం పెట్టను సార్" అని మొదలుపెట్టకండి. ఆయనకి కావలసింది సోమవారం పని. అది మీ దగ్గరుంది. "సార్, 401, 402, 404 పాసయ్యాయి, రిపోర్టులు ఇవిగో. టైల్స్ వాళ్లని సోమవారం అక్కడ పెట్టేద్దాం. 403, 405కి నాకు మూడు రోజులివ్వండి" అనండి. ఐదు ఫ్లాట్లలో మూడు చేతిలో ఉన్నప్పుడు ఆ బ్యాచ్‌కి వారం పని ఉంటుంది. నా అనుభవంలో సగం గొడవలు ఇక్కడే ఆగిపోతాయి.

మేస్త్రి గారికీ ఇలాంటిదే చేయొచ్చు. ఆయన భయం అంతా బిల్లు. పాసైన మూడు ఫ్లాట్ల కొలతలు విడిగా రాసి, ఆ వరకు బిల్లు పంపమని మీరే అడగండి. అది మీ చేతిలో ఉన్న పని, అందులో తప్పేమీ లేదు. ఆయన కూలోళ్లకి వారం డబ్బు దొరికితే 403 గోడ తెరవడానికి ఆయనే ముందుకొస్తారు. పని నేర్పిన మనిషికి మీరు చేయగలిగిన మేలు ఇదే అనుకుంటున్నాను. తప్పు రిపోర్టు రాసి ఇస్తే, రేపు లీకు వచ్చిన రోజు ముందు ఆగేది ఆయన బిల్లే.

రిపోర్టులో మాత్రం జరిగింది జరిగినట్టు రాయండి. "ఫ్లాట్ 403, వేడి, చల్లని లైన్లు. ఉదయం 6:40కి 10 కేజీలు, 7:40కి 7.5. ఫెయిల్. కారణం వెతుకుతున్నాం. మళ్లీ టెస్టు అయ్యాకే గోడ మూయాలి." కింద మీ సంతకం. ఫెయిల్ అని రాసిన కాగితం మీద సంతకం పెట్టడం మీకు కొత్తగా అనిపించవచ్చు. ఫెయిల్, తరవాత రిపేరు, తరవాత పాస్ అని మూడు కాగితాలున్న ఫైలు చూసినప్పుడు నాకు ఆ సైటు మీద నమ్మకం పెరిగేది. ఇరవై ఫ్లాట్లకీ 10 నుంచి 10 అని ఒకే చేతిరాతలో ఉన్న ఫైలు చూస్తే నేనే పంపు అడిగి మళ్లీ పెట్టించేవాణ్ణి. గేజు ఫోటో తీసేటప్పుడు ఫ్లాట్ నంబరు గోడ మీద సుద్దతో రాసి అది కూడా పడేలా తీయండి.

ఇంత చెప్పినా ఆయన ఒప్పుకోకపోతే? పాస్ అని రాసి ఇచ్చేయడం ఒక దారి. ఈ వారం ప్రశాంతంగా గడుస్తుంది. కానీ ఒక్క రెండో అంతస్తుకే మీకు నిద్ర లేదు, దానికి ఇది తోడవుతుంది. ఆ కాగితం మీద ఆయన మాట ఉండదు, మీ పేరే ఉంటుంది. రెండోది, మీరు ఫెయిల్ అనే రాసి, టైల్స్ వేసే నిర్ణయం ఆయన తన సంతకంతో తీసుకునేలా వదిలేయడం. "సార్, రీడింగ్ ఇది. ముందుకెళ్లమంటే మీరు రాసివ్వండి" అని మెయిల్‌లోనో మెసేజ్‌లోనో మర్యాదగా అడగండి. చాలామంది ఆ మాట రాయాల్సి వచ్చినప్పుడు ఆగి ఆలోచిస్తారు. కొందరు కోపగించుకుంటారు, కొన్నాళ్లు మీతో ముభావంగా ఉంటారు. మూడోది హెడ్డాఫీసుకో, ఓనర్ల తరఫు కన్సల్టెంటుకో చెప్పడం. అది పని చేస్తుంది గానీ ఆయన్ని దాటి వెళ్లినట్టవుతుంది, తరవాత అదే సైటులో పని చేయడం కష్టం. ఆయనతో మాట్లాడి, రాసివ్వమని అడిగి చూడకుండా దానికి వెళ్లకండి. ఉద్యోగం పోయే అవకాశమే లేదని నేను చెప్పలేను. మీ అమ్మగారి భయం అర్థమైంది. నెల జీతం మీద ఆధారపడే ఇల్లయితే ముందు వేరే చోట అడిగి పెట్టుకోండి, మధురవాడ నుంచి భోగాపురం దాకా పనులు నడుస్తూనే ఉన్నాయి.

మేనేజరు గారికి డబ్బు భాషలో చెప్పాలనుకుంటే ఒక సంగతి ఉంది. 2016 నాటి రెరా చట్టంలో (ఇళ్లు కొన్నవాళ్ల కోసం వచ్చిన రియల్ ఎస్టేట్ చట్టం) 14వ సెక్షను ప్రకారం, ఇల్లు అప్పగించిన ఐదేళ్ల లోపు పనితనంలో, నాణ్యతలో లోపం బయటపడి కొన్నవాళ్లు చెబితే, బిల్డరు 30 రోజుల్లో తన ఖర్చుతో సరిచేయాలి. ఇప్పుడు ఒక గాడి తెరిస్తే అయ్యే ఖర్చు మేస్త్రి, ఒక కూలీ, ఒక పూట. అప్పుడు అదే పనికి టైల్స్, వాటర్ ప్రూఫింగు, కింది ఇంటి పెయింటు, పైగా అదే డిజైను టైలు దొరక్కపోతే మొత్తం గోడ. ఆయన ఈ లెక్క మనకంటే త్వరగా వేసుకుంటారు.

ఇక రెండో అంతస్తు. అక్కడ మీరు చేసింది తప్పేనమ్మా. మీరు కూడా అలాగే అనుకుంటున్నారు కాబట్టి దాన్ని చిన్నది చేసి చెప్పను. చూడని ముల్లుకి సంతకం పెట్టారు. కానీ మేస్త్రి గారు చెప్పింది నిజమే అయి ఉండొచ్చు, ఐదు ఫ్లాట్లూ నిలబడే ఉండొచ్చు. మీకు తెలియదు, అంతే. అది తెలుసుకోవడానికి ఇంకా టైముంది. టైల్స్ పడ్డాయి గానీ కొళాయిలు, మిక్సర్లు బిగించలేదని రాశారు. అంటే డమ్మీలు అలాగే ఉన్నాయి. షాఫ్టులో (పైపులు కిందికి దిగే సందులో) వాల్వు కట్టేసి, గీజరు పాయింటు దగ్గర పంపు తగిలిస్తే టైల్స్ ముట్టుకోకుండానే మళ్లీ 10 కేజీలు పెట్టి చూడొచ్చు. పంపు ఒకటే ఉన్నా రెండు రోజుల్లో ఐదు ఫ్లాట్లూ అయిపోతాయి.

దీన్ని రెండు రకాలుగా చేయొచ్చు. ఒకటి, "టైల్స్ వాళ్లు గోడలకి మేకులు, డ్రిల్లింగులు చేశారు, పైపుకి తగిలి ఉండొచ్చు, ఇంకోసారి చూస్తాను సార్" అని చెప్పి పెట్టడం. ఈ కారణం అబద్ధం కాదు, టైల్స్ తరవాత రెండో టెస్టు మంచి సైటుల్లో మామూలే. నిలబడితే మీ మనసు కుదుటపడుతుంది, ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. కానీ ఏదైనా ఫ్లాటు పడితే, అప్పుడెలా పాసైంది అన్న ప్రశ్న వస్తుంది, మీరు అప్పటికప్పుడు ఇరుక్కుపోతారు. రెండోది, ముందే వెళ్లి "సార్, ఆ రోజు నేను లేను, మేస్త్రి గారి మాట మీద సంతకం పెట్టాను, నాకు నమ్మకంగా లేదు, మళ్లీ పెట్టుకుంటాను" అని చెప్పడం. తిట్లు పడతాయి. కానీ అప్పుడెలా పెట్టావు అన్న ఆయుధం ఆయన చేతిలో ఉండదు, నాలుగో అంతస్తు గురించి కూడా మీరు ధైర్యంగా మాట్లాడగలరు. నేను మీ స్థానంలో ఉంటే రెండోదే చేసేవాణ్ణి. కానీ ఆ మేనేజరుతో రోజూ పని చేసేది మీరు, ఆయన స్వభావం మీకే తెలుసు. మొదటిది ఎంచుకున్నా మిమ్మల్ని తప్పు పట్టను, టెస్టు మాత్రం పెట్టండి. కొత్త రిపోర్టు మీద కొత్త తేదీ వేయండి, పాతదాన్ని దిద్దకండి, చింపకండి.

ఒకవేళ అక్కడ ఏ ఫ్లాటైనా పడితే, పైన చెప్పినట్టే సగం సగం చేసుకుంటూ పోతే కొన్ని టైల్స్ తీస్తే సరిపోతుంది. అదే బ్యాచ్ టైల్స్ మిగిలినవి స్టోరులో పది పన్నెండు ఇప్పుడే పక్కన పెట్టించండి. మిగిలిపోయిన టైల్స్ ఎక్కడికి పోతాయో ఎవరికీ తెలియదు.

రేపు పొద్దున్న సైటుకి వెళ్లగానే ముందు మొదటి అంతస్తులోకి వెళ్లి, రెండో అంతస్తు టాయిలెట్ల కింద పడే సీలింగు చూసి రండి. ఫాల్స్ సీలింగు ఇంకా వేయలేదు కదా, తెల్లటి ఉప్పు పొర గానీ తడి మచ్చ గానీ ఉంటే కనపడుతుంది. టార్చి తీసుకెళ్లండి. చూశాక, ఏమున్నా ఏమీ లేకపోయినా, నాకు ఒక లైను రాయండి.